నోటికొచ్చింది... నోరు పెగలదు!

డిగ్రీ సైన్సు వైవా: బల్లకు అటు ముగ్గురు, ఇటు ఒక్కరు

ఉదయం తొమ్మిదిన్నర. ఫిజిక్స్ ల్యాబ్ ముందు వరండాలో ఇరవై మందిదాకా ఉన్నారు. అందరి గుండెలకూ రికార్డులు హత్తుకుని ఉన్నాయి. ఒకబ్బాయి గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. హనుమాన్ చాలీసా చదువుతున్నాడో, గ్రేటింగ్ సూత్రం వల్లె వేస్తున్నాడో పక్కన నిలబడినా తెలియదు. ఇంతలో తలుపు తెరుచుకుని ఒకమ్మాయి బయటికొచ్చింది. గుంపంతా చుట్టుముట్టింది.

"ఏమడిగారే?"

"లీస్ట్ కౌంట్ అడిగారు, చెప్పేశాను. తర్వాత ఏదేదో అడిగారు."

ఆ ఏదేదో ఏమిటో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. మరుక్షణం ఇరవై రికార్డులూ లీస్ట్ కౌంట్ పేజీ దగ్గర తెరుచుకున్నాయి. లోపలున్న ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కేమో అప్పటికే ఆ ప్రశ్నంటే మొహం మొత్తి ఉంటుంది. ఏటా ఇదే తంతు. పరీక్ష లోపల జరుగుతుంటుంది, ప్రిపరేషన్ వరండాలో జరుగుతుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఒక తలుపు.

ఆ తలుపుకు రెండు వైపులా నిలబడ్డవాణ్ని నేను. విద్యార్థిగా బయట వణికాను. లెక్చరర్నయ్యాక ఇంటర్నల్‌గా పక్కన కూర్చున్నాను, ఎక్స్‌టర్నల్‌గా పొరుగు జిల్లాల కాలేజీలకు బస్సెక్కి వెళ్లాను. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఏమీ తెలియనివాళ్లు నాకు తక్కువే తగిలారు. తెలిసీ చెప్పలేనివాళ్లే ఎక్కువ. తెలుగులో నోటికి రావడం అంటే కంఠతా వచ్చని అర్థం. నోటికొచ్చినట్టు మాట్లాడటం అంటే తల తోక లేకుండా వాగడం. వైవా బల్ల దగ్గర మొదటిది రెండోదిగా మారడానికి అర నిమిషం చాలు. పేజీ మొత్తం నోటికొచ్చిన పిల్లవాడు మధ్యలో ఒక్క మాట మరిచిపోతాడు. ఆ సందు పూడ్చడానికి నోటికొచ్చింది చెబుతాడు. ఆ తర్వాత అసలు నోరే పెగలదు.

వైవా వోచే అన్నది లాటిన్ మాట. సజీవమైన గొంతుతో అని అర్థం. కాగితం మీద కాదు, ప్రాణమున్న మాటతో చెప్పమని. కేంబ్రిడ్జిలో ఒకప్పుడు పరీక్షంటే నోటి వాదమే. రాత పరీక్షలు తర్వాత మెల్లగా వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. అక్కడ ఆనర్స్ పరీక్షను ఇప్పటికీ ట్రైపాస్ అంటారు. వాదించడానికి కూర్చునే మూడు కాళ్ల పీట నుంచి ఆ పేరొచ్చిందని చెబుతారు. మన ల్యాబుల్లో ఉండే స్టూలుకు నాలుగు కాళ్లుంటాయి గానీ, కూర్చున్నవాడికి మాత్రం ఒకటి తక్కువున్నట్టే ఉంటుంది.

పృచ్ఛకుల ముందు

నిజానికి కమిటీ ముందు నోటి పరీక్ష తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. దాన్ని మనం టికెట్టు లేని వినోదంగా, శాలువాలతో, చప్పట్లతో జరుపుకున్నాం. అష్టావధానం అంటే ఏమిటి? ఎనిమిది మంది పృచ్ఛకులు, ఒక అవధాని. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ పరీక్షకు నిలబడ్డారు. పిల్లలకు వైవా గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను వ్యక్తిత్వ వికాసం పుస్తకాల జోలికి పోను. ఒక అవధానం చూసి రమ్మంటాను. ఇప్పుడు యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి.

నిషిద్ధాక్షరి చూడండి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాబోయే అక్షరాన్ని పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అలవాటైన దారి మూసేసి, కొత్త దారిలో నడిచి చూపించమంటాడు. వైవాలో "డెఫినిషన్ వద్దు, నీ మాటల్లో చెప్పు" అనే ఎగ్జామినర్ చేసేది సరిగ్గా ఇదే. "ఫార్ములా రాయకుండా చెప్పు" అన్నా అంతే. ఆయన కోపంతో అడగడం లేదు. కంఠస్థం చేసిన బాట మూసేస్తే ఈ పిల్ల పొలం గట్ల మీద నడిచి ఇల్లు చేరగలదా అని చూస్తున్నాడు. వ్యస్తాక్షరిలో అక్షరాలను వరస తప్పించి ఒక్కొక్కటిగా అందిస్తారు. మొదటి సెమిస్టర్‌లోంచి ఒక ప్రశ్న, అయిదో సెమిస్టర్‌లోంచి ఇంకొకటి, మధ్యలో ఇంటర్మీడియట్‌లోంచి ఒకటి వేసే హెచ్ఓడీలు ప్రతి కాలేజీలోనూ ఉంటారు.

ఇక అప్రస్తుత ప్రసంగం. "మీదే ఊరమ్మా? మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే చాలామంది పిల్లలు దీన్ని ఇంటర్వెల్ అనుకుంటారు. కొందరు అవమానంగా తీసుకుంటారు. బోటనీ చెప్పే నా సహోద్యోగిని ఒకావిడ చెప్పిన సంగతిది. కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉల్లి వేరు కొనల్లో సమవిభజన చూపించే స్లైడు చేసింది. మాట కూడబలుక్కోలేక వణుకుతోంది. ఎక్స్‌టర్నల్ మైక్రోస్కోపు వదిలేసి, "మీ ఇంట్లో ఏం చేస్తారమ్మా?" అన్నారు.

"ఉల్లి వేస్తాం మేడమ్."

"అట్లాగా! మరి ఈ ప్రయోగానికి ఉల్లే ఎందుకు తీసుకుంటారు? మీ ఊరిదనా?"

ఆ పిల్ల నవ్వింది. నవ్వాక గొంతు దానంతటదే వచ్చింది. ఉల్లిలో క్రోమోజోములు పదహారేననీ, పెద్దవి కాబట్టి విడివిడిగా కనిపిస్తాయనీ చెప్పింది. గడ్డ అడుగున నీళ్లు తగిలితే రెండు మూడు రోజుల్లో వేళ్లు వస్తాయంది. కొననే ఎందుకు కోయాలంటే, పెరుగుదలంతా అక్కడే గనక విభజన చెందే కణాలు అక్కడే దొరుకుతాయంది. పొద్దున్నే కోసి ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఎందుకు వేస్తారో కూడా చెప్పింది. వేయకపోతే కణం తన పని తాను చేసుకుపోతుంది, వేస్తే ఆ క్షణంలో ఎక్కడున్నది అక్కడ ఆగిపోతుంది. "ఫొటో తీసినట్టు మేడమ్" అందట. పాఠ్యపుస్తకంలో లేని మాట అది. అప్రస్తుతం అనుకున్న ప్రశ్నే ఆ పిల్లకు తలుపు తీసింది.

అవధానుల దగ్గర నేర్చుకోవాల్సింది మరొకటుంది. సమస్య ఇవ్వగానే వాళ్లు పూరించడానికి ఎగబడరు. ఒకసారి పైకి చదువుతారు. అడిగిందేమిటో అందరికీ వినిపించేలా చెబుతారు. ఆ కాస్త వ్యవధిలో బుర్ర లోపల పని మొదలవుతుంది. మన పిల్లలు ప్రశ్న సగంలో ఉండగానే జవాబు మొదలుపెడతారు. ఆలస్యమైతే తెలియదనుకుంటారేమోనని భయం. "అంటే సార్, కటకాన్ని మారిస్తే వలయాలు ఏమవుతాయని అడుగుతున్నారా?" అని తిరిగి అడిగిన పిల్లవాడి మార్కు ఏ ఎగ్జామినరూ కోయడు. పైగా ప్రశ్నే తప్పుగా అర్థమైతే ఆయనే సరిదిద్దుతాడు.

రికార్డు ఎవరిది?

సరే, సిద్ధపడటం సంగతికి వద్దాం. నెల ముందు ఏం చదవాలని అడిగితే నేను చెప్పేది వినడానికి వెటకారంలా ఉంటుంది: నీ రికార్డు నువ్వు చదువు.

నవ్వకండి. రికార్డు రాయడం వేరు, చదవడం వేరు. మన దగ్గర రికార్డు సీనియర్ల నుంచి జూనియర్లకు సంక్రమించే ఆస్తి. పోయినేడాది రికార్డు పక్కన పెట్టుకుని, టీవీలో క్రికెట్ చూస్తూ దింపేస్తారు. రీడింగులతో సహా. ఒక కాలేజీలో ఇద్దరు పిల్లల రికార్డుల్లో గురుత్వ త్వరణం చివరి దశాంశ స్థానం వరకూ ఒకటే వచ్చింది. అద్భుతమే కదా అని చూస్తే, ఇద్దరూ ఒకే చోట ఒకే కూడిక తప్పు చేశారు. ఆ తప్పు ఎన్ని బ్యాచ్‌ల నుంచి వారసత్వంగా వస్తోందో! సంతకం పెట్టిన మేమూ తక్కువ వాళ్లమేం కాదు. రోజుకు అరవై రికార్డులు పెడితే అరవై సంతకాలే పడతాయి, చూపు పడదు.

వైవా అంతా ఆ రికార్డులోంచే మొదలవుతుంది. ఎగ్జామినర్ చేతిలో ఉండేది అదొక్కటే. ఆయన పేజీ తిప్పుతాడు, ఎక్కడో వేలు పెడతాడు, "ఇదేమిటి?" అంటాడు. ఆ వేలి కింద ఉన్న గీత ఎందుకు గీశావో నీకు తెలియాలి. తెలిస్తే తర్వాతి ప్రశ్న నీ జవాబులోంచి పుడుతుంది. తెలియకపోతే ఆయన బుర్రలోంచి పుడుతుంది. రెండోది ప్రమాదకరం. ఆయన బుర్రలో ఏముందో దేవుడికే ఎరుక.

కెమిస్ట్రీలో అందరూ చేసే ఒక ప్రయోగం తీసుకుందాం. పొటాషియం పర్మాంగనేటుతో ఆక్జాలిక్ ఆమ్లం టైట్రేషన్. దీన్ని వంటలా చేసేస్తారు. ఇంత పోయి, అంత వేడి చెయ్యి, గులాబి రంగు రాగానే ఆపు. కానీ ప్రతి మెట్టు కింద ఒక ఎందుకుంది. ఇండికేటర్ ఎందుకు వేయలేదు? పర్మాంగనేటే రంగుది గనక. బ్యూరెట్టులో ద్రవమట్టం అంచు పైగీత ఎందుకు చూశావు? ముదురు ఊదా రంగులో కింది వంపు కనిపించదు గనక. సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు, ల్యాబులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం లేదా? ఉంది, కానీ పర్మాంగనేటు దాన్ని కూడా ఆక్సీకరించి క్లోరిన్ చేసేస్తుంది, అప్పుడు లెక్క తప్పుతుంది. నైట్రిక్ ఆమ్లమైతే అదే ఆక్సీకరణి. వేడి ఎందుకు? చల్లగా ఉంటే చర్య నత్తనడక నడుస్తుంది. అందుకే అరవై, డెబ్బై డిగ్రీల వరకూ వేడి చేస్తాం. ఆమ్లం తక్కువ పడితే ఏమవుతుంది? గోధుమరంగు మడ్డి వస్తుంది, మాంగనీసు డయాక్సైడు.

వీటన్నిటికంటే నాకిష్టమైన ప్రశ్న ఇంకోటుంది. మొదటి చుక్కలు వేసినప్పుడు రంగు పోవడానికి చాలాసేపు పడుతుంది, తర్వాత చుక్కలు పడీ పడగానే మాయమవుతాయి, ఎందుకని? చర్యలో పుట్టే మాంగనీసు అయానే ఆ చర్యను తోసుకుపోతుంది. స్వయం ఉత్ప్రేరణ అంటారు. టైట్రేషన్ నిజంగా చేసిన పిల్ల ఆ మొదటి చుక్క దగ్గర చెయ్యి ఆపి ఎదురుచూసి ఉంటుంది, రంగు పోదేమిటా అని కంగారుపడి ఉంటుంది. చేయని పిల్లకు ఈ ప్రశ్న పాఠంలో ఒక వాక్యం. చేసిన పిల్లకు జ్ఞాపకం. ఈ తేడా ముఖం మీదే తెలిసిపోతుంది, జవాబు వినే దాకా ఆగక్కర్లేదు.

కాబట్టి ప్రయోగానికో కాగితం తీసుకుని ప్రతి మెట్టుకూ ఒక ఎందుకు రాసుకోవాలి. ఆ ఎందుకుకు ఇంకో ఎందుకు. మూడో దాని దగ్గరకొచ్చేసరికి పుస్తకం తెరవాల్సి వస్తుంది. అప్పుడు చదివిన పుస్తకం వేరే రకంగా బుర్రకెక్కుతుంది. పరికరాల సంగతి కూడా మరిచిపోకూడదు. నీ ట్రావెలింగ్ మైక్రోస్కోపు, నీ స్పెక్ట్రోమీటరు ఎంత సన్నగా కొలవగలవో, సోడియం దీపం తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రాములని, ఇలాంటివి పది పన్నెండు అంకెలు నాలుక చివర ఉండాలి. ఇవి మాత్రం కంఠతా పట్టినా తప్పులేదు.

ఇంకొకటి. ఇదంతా పైకి చెప్పుకోవాలి. మౌనంగా చదివినది మౌనంగానే ఉండిపోతుంది. హాస్టల్ డాబా మీద స్నేహితుడికి చెప్పండి. ఇంట్లో అమ్మకు చెప్పండి, అర్థం కాకపోయినా ఫర్వాలేదు. "అది కాదురా, ముందు ఆ పొడుగాటి గొట్టం ఎందుకు తీశావు?" అని ఆవిడ అడిగే ప్రశ్న నా అనుభవంలో చాలామంది ఎక్స్‌టర్నల్స్ అడిగేదానికంటే మంచి ప్రశ్న. క్లాసు అయిపోయాక ఖాళీ బోర్డు ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడటం ఇంకా మంచిది. డిగ్రీ తర్వాత జామ్ ర్యాంకుతో బెంగళూరు ఐఐఎస్‌సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకో, రాత పరీక్ష దాటి టీఐఎఫ్ఆర్‌కో వెళ్లే పిల్లలకు ఎదురయ్యేది ఆ బోర్డే. "నీకిష్టమైన సబ్జెక్టేది?" అని అడుగుతారు. ఇది మర్యాదకు అడిగే మాట కాదు. పరీక్ష ఎక్కడ జరగాలో స్థలం నువ్వే చూపించమంటున్నారు. "క్వాంటమ్ మెకానిక్స్" అని గొప్పకు చెప్పి, పెట్టెలో బంధించిన కణం దగ్గరే చిక్కుకుపోయిన పిల్లలున్నారు. అదే పిల్లలు లోలకం అని ఉంటే అరగంట హాయిగా మాట్లాడేవారు. లోలకంలో అడగడానికి ఏముంటుందనుకోకండి. అందులో ముంచి తేల్చగల ప్రొఫెసర్లు ఉన్నారు.

తెలియదు, గుర్తులేదు

ఈ రెండూ వేరువేరు జబ్బులు. మన పిల్లలు రెంటికీ ఒకే మందు వేస్తారు: తల దించుకుని నేల చూడటం. గుర్తులేదంటే ఎగ్జామినర్ ఒక మాట అందిస్తాడు, తీగ దొరుకుతుంది. తెలియదంటే ఇంకో చోటికి వెళతాడు. నేల చూస్తే ఆయనకు ఏం చేయాలో తోచదు. పక్కనున్న ఇంటర్నల్ మాత్రం "మంచి స్టూడెంటే సార్, టెన్షన్..." అని గొణుగుతుంటాడు. ఆ మాట నేనూ బోలెడుసార్లు గొణిగాను. అది అబద్ధం కాదు, అలాగని దానికి మార్కులూ లేవు.

తెలియదన్న తర్వాత వచ్చే వాక్యంలోనే ఉంది కిటుకంతా. "కచ్చితంగా తెలియదు సార్, కానీ ఇలా అయ్యుండొచ్చనుకుంటున్నా" అని ఒక్క అడుగు వేస్తే బల్లకు అటుపక్క ముగ్గురూ ముందుకు వంగుతారు. మేము రోజంతా ఎదురుచూసేది దానికోసమే. ఒకే లీస్ట్ కౌంట్‌ను నలభైసార్లు వినడం ఎంత శిక్షో మీకు తెలియదు.

తెలియక ఇబ్బందిపడినవాళ్లలో మహామహులున్నారు. 1923 జులై 23న మ్యూనిక్‌లో ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడొకడు డాక్టరేట్ మౌఖిక పరీక్షకు కూర్చున్నాడు. సిద్ధాంతంలో దిట్ట. గురువు సోమర్‌ఫెల్డ్‌కు అతనంటే ప్రాణం. బోర్డులో ఉన్న మరో పెద్దాయన విల్హెల్మ్ వీన్, అప్పటికే నోబెల్ గ్రహీత, ప్రయోగాల మనిషి. మైక్రోస్కోపు రెండు దగ్గరి చుక్కలను ఎంత దగ్గరి దాకా విడివిడిగా చూపించగలదని అడిగాడు. కుర్రాడికి రాలేదు. బ్యాటరీ ఎలా పనిచేస్తుందని అడిగాడు. అదీ రాలేదు. సోమర్‌ఫెల్డ్ ఎంతో గొప్పవాడన్నాడు, వీన్ ఫెయిలన్నాడు. చివరికి బొటాబొటి గ్రేడుతో బయటపడేశారు. ఆ రాత్రే రైలెక్కి గోటింగెన్‌లో మాక్స్ బోర్న్ దగ్గరికి వెళ్లి, ఇంకా నేను మీకు కావాలా, అక్కర్లేదా అని అడిగాడు. ఆయన పేరు వెర్నర్ హైజెన్‌బర్గ్. 1927లో తన అనిశ్చితత్వ సూత్రాన్ని వివరించడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ కూడా మైక్రోస్కోపే! అందులోనూ సరిగ్గా ఆ పాత ప్రశ్న దగ్గరే పొరబడితే నీల్స్ బోర్ పట్టుకుని సరిదిద్దాడు. వీన్ అడిగినది అక్కరమాలిన ప్రశ్నేమీ కాదన్నమాట.

ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు "అయితే రాకపోయినా ఫర్వాలేదు కదా సార్" అంటారు. హైజెన్‌బర్గ్ అయితే ఫర్వాలేదు.

గొంతులో వెలక్కాయ

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి. 1968లో తెలుగు అకాడమీ పెట్టి, డిగ్రీ దాకా సైన్సు పుస్తకాలు తెలుగులో తెచ్చారు. నా తరం ఆ పుస్తకాలతోనే పెరిగింది. వ్యతికరణం, వివర్తనం, ధ్రువణం అనే మాటలు చదివి, వాటి వెనక కాంతిని చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. మారడం మంచిదా చెడ్డదా అనే వాదం ఇక్కడ పెట్టుకోను. వైవా బల్ల దగ్గర ఏం జరుగుతోందో మాత్రం చెబుతాను. పిల్లవాడు తెలుగులో ఆలోచిస్తాడు, ఇంగ్లిష్‌లో వాక్యం వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలో సైన్సు జారిపోతుంది. దొరికిన రెండు ఇంగ్లిష్ ముక్కలూ గైడులోవి. "లైట్ ఈజ్ ఏ ఫామ్ ఆఫ్ ఎనర్జీ సార్" దగ్గర మొదలై అక్కడే ఆగుతుంది.

"తెలుగులో చెప్పు నాయనా" అంటే కొందరికి ఊపిరి వస్తుంది. మరికొందరికి అది ఇంకా కష్టం. వాళ్లు ఇంగ్లిష్‌లో బట్టీ పట్టారు, తెలుగులో ఏనాడూ ఆలోచించలేదు. రెండు భాషలకూ మధ్య కాలవ గట్టు మీద నిలబడ్డారు. నన్నడిగితే పదాలు ఇంగ్లిష్‌వి, వాక్యం తెలుగుది, అలా చెప్పేయడమే మేలు. "పాత్ డిఫరెన్స్ పెరిగితే ఫేజ్ మారుతుంది సార్, అందుకే అక్కడ చీకటి వచ్చింది." ఇందులో ఏ లోటూ లేదు. మేమంతా స్టాఫ్‌రూములో ఫిజిక్స్ మాట్లాడుకునేది ఈ భాషలోనే. బెంగళూరుకో, బయటి దేశానికో వెళ్లే పిల్లలు మాత్రం ఇంగ్లిష్‌లో పూర్తి వాక్యాలు పైకి చెప్పడం ఏడాది ముందే మొదలుపెట్టాలి. చిన్న వాక్యాలు చాలు. అక్కడా వినేది సైన్సునే గానీ యాసను కాదు.

ఆ బయటి దేశాల సంగతీ ఒక మాట. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో రీడ్ కాలేజీ అని ఉంది. స్టీవ్ జాబ్స్ మధ్యలో మానేసిన కాలేజీ అంటే త్వరగా గుర్తొస్తుంది. అక్కడ ఏ సబ్జెక్టు వాళ్లయినా ఆఖరి ఏడాది థీసిస్ రాయాలి, ప్రొఫెసర్ల కమిటీ ముందు కూర్చుని దాన్ని నిలబెట్టుకోవాలి. సుమారు రెండు గంటలు. కమిటీలో వేరే శాఖ వాళ్లు కూడా ఉంటారు. స్వార్త్‌మోర్ కాలేజీలో 1922 నుంచీ ఆనర్స్ విద్యార్థులను బయటి నుంచి వచ్చిన పరీక్షకులే పరీక్షిస్తున్నారు. మన పిల్లలకు దొరికేది అయిదు నిమిషాలు, మహా అయితే పది. అందులో రెండు నిమిషాలు రికార్డు వెతకడానికి, ఒకటి టీ రావడానికి పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఇంటర్న్‌షిప్పులు తప్పనిసరి చేశాక ప్రాజెక్టు రిపోర్టు మీద వైవాలు పెరిగాయి. రిపోర్టులు పెరిగిన వేగంతో జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్ రిపోర్టులూ పెరిగాయి. అలాంటిది కొనుక్కొచ్చిన కుర్రాడిని ఒక్కటే అడుగుతాను: "ఇందులో నీకు కుదరనిదేమిటి?" నిజంగా పనిచేసినవాడికి కుదరనివి డజను ఉంటాయి, చెబుతూనే ఉంటాడు. కొనుక్కున్నవాడికి అన్నీ కుదిరాయి.

తెల్ల చుక్క

కొన్నేళ్ల కిందట ఒక ప్రభుత్వ కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్లాను. మధ్యాహ్నం బ్యాచ్. న్యూటన్ వలయాలు పడ్డ అబ్బాయి ఒకడు. నూనె రాసి పాపిట తీసిన జుట్టు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. రికార్డు ముత్యాల కోవలా రాశాడు. గాజుపలక మీద కుంభాకార కటకం పెడితే మధ్యన నల్లటి చుక్క, చుట్టూ వెలుగు చీకట్ల వలయాలు. బొమ్మలో నడిమి చుక్కను పెన్సిలుతో నల్లగా రుద్ది మరీ పూడ్చాడు.

"మధ్యలో నల్లగా ఎందుకుంటుంది?"

గడగడా చెప్పాడు. తాకే చోట గాలి పొర మందం సున్నా, కింది పలక దగ్గర ప్రతిఫలించిన తరంగం దశ తిరగబడుతుంది, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఇంగ్లిష్‌లో, కామాలతో సహా. బాగుంది. నేను లేచి అతని మైక్రోస్కోపులోకి చూశాను. నడిమధ్యన చుక్క తెల్లగా ఉంది.

"ఇటు రా. చూడు. ఏ రంగు?"

చూశాడు. చూసి నావైపు చూశాడు. మళ్లీ చూశాడు. ఆ మొహంలో దొంగతనం పట్టుబడినవాడి భయం. పొద్దున్న నుంచీ అతనికి తెల్లగానే కనిపిస్తోంది. పుస్తకంలో నల్లగా ఉంది గనక నల్లగా రాశాడు.

"తెల్లగా ఉంది సార్."

"మరి?"

చాలాసేపు ఏమీ లేదు. పక్కన హెచ్ఓడీ గారు ఏదో అందించబోతుంటే నేను చెయ్యి చూపించి ఆపాను. ఫ్యాను చప్పుడు. అతను కటకం దగ్గరికి వంగి, పక్క నుంచి ఒంటికన్నుతో చూశాడు. తర్వాత తెలుగులో, చాలా మెల్లగా అన్నాడు:

"దుమ్ము సార్."

"దుమ్ముంటే?"

"కటకం పలకను తాకలేదు సార్. కాస్త పైకి లేచింది. మధ్యలో కూడా గాలి ఉంది. పాత్ డిఫరెన్స్ సున్నా కాదు."

"అయితే నీ రీడింగులన్నీ తప్పేనా? తరంగదైర్ఘ్యం తప్పు వచ్చిందా?"

ఈసారి త్వరగానే తల అడ్డంగా ఊపాడు. రికార్డు నావైపు తిప్పి సూత్రం మీద వేలు పెట్టాడు. "ఇక్కడ రెండు వలయాల వ్యాసాల వర్గాలు తీసేస్తున్నాం కదా సార్. దుమ్ము రెండింట్లోనూ ఒకటే. తీసివేతలో పోతుంది."

నేను డిగ్రీ చదివేటప్పుడు ఆ సూత్రంలో తీసివేత ఎందుకుందో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. లెక్చరర్నయ్యాక రెండేళ్లకు తెలిసింది.

మార్కులు వేసే కాగితం దగ్గరికి లాక్కుంటుంటే, ఇదంతా చూస్తున్న అటెండరు పాపం పిల్లవాడికి సాయం చేద్దామనుకున్నాడో ఏమో, భుజం మీది తువ్వాలు తీసి కటకం వైపు వచ్చాడు.

"తుడవొద్దు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అటెండరు తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని, వరండాలోకి తొంగి చూసి తర్వాతి నంబరు పిలిచాడు.